మళ్ళీ చిగురిస్తుందని చెప్పినవాణ్ణి

డాక్టరు చెప్పిన ఒక మాట నేను మా అక్కకు చెప్పలేదు. మరిచిపోయి కాదు, కావాలనే మింగేశాను. మా బంధువులు ఆమె మంచితనం గురించీ నా అదృష్టం గురించీ చెప్పుకునే కథలో ఈ ముక్క లేదు.

నేను బాగేపల్లిలో హైస్కూలు సైన్సు టీచరును. ఏటా పదో తరగతికి బోర్డు మీద మూత్రపిండం గీసి, అందులో రక్తాన్ని వడగట్టేవి నెఫ్రాన్లనే సన్నని గొట్టాలనీ, అవి లక్షల్లో ఉంటాయనీ, పుట్టుకతో వచ్చినవే తప్ప కొత్తవి రావనీ చెప్పేవాణ్ణి. తొమ్మిదేళ్ళ కిందట నా మూత్రపిండాలు రెండూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు చిక్కబళ్ళాపురంలో డయాలసిస్ చేయించుకుని, తిరుగు బస్సులో వాంతి ఆపుకుంటూ వచ్చేవాణ్ణి. చింతామణి దగ్గర పల్లెలో మల్బరీ వేసి పట్టుపురుగులు పెంచే మా అక్క, ఎవరూ అడక్కముందే తన కిడ్నీ ఇస్తానంది.

బెంగళూరులో ఆమెను పరీక్షించిన డాక్టరుకు తెలుగూ రాదు, కన్నడమూ రాదు. ఆయన ఇంగ్లీషులో చెప్పింది నేను అక్కకు తెలుగులో చెప్పాలి. ఆరోగ్యంగానే ఉంది, ఇవ్వవచ్చు అన్నాడు. అయితే నెఫ్రాన్ల సంఖ్య మనిషి మనిషికీ మారుతుంది, బయటినుంచి లెక్కపెట్టలేం. ఈమె కిడ్నీల వడపోత ఉండవలసిన హద్దులోనే ఉన్నా కింది అంచున ఉంది. మిగిలిన కిడ్నీ కొంచెం పెద్దదై ఎక్కువ పని చేస్తుంది గాని, పోయిన నెఫ్రాన్లు తిరిగి రావు. ఏటా పరీక్ష చేయించుకోవాలి, నొప్పి మాత్రలు ముట్టకూడదు. ఇదంతా చెప్పి ఆమెను ఆలోచించుకోనివ్వమన్నాడు.

అక్క నా మొహం చూసింది. "ఏమంటాండాడురా?"

"ఏం కాదంటక్కా. మళ్ళా పెరుగుతాదంట."

"మల్బరీ కోస్తే చిగురేసినట్లా?"

ఔనన్నాను. మొదలంటా కోసిన మల్బరీ రెండు నెలలకు మళ్ళీ ఆకు నిలబెట్టడం ఆమె పుట్టినప్పటినుంచి చూస్తున్నదే. ఇక సందేహమేముంది? తర్వాత అవయవదానానికి అనుమతిచ్చే కమిటీవాళ్ళు అన్నీ తెలిసే ఒప్పుకుంటున్నారా అని కన్నడంలో అడిగితే, మా తమ్ముడు అంతా చెప్పినాడని ధైర్యంగా జవాబిచ్చింది. నేను పక్కనే తల వంచుకుని కూచున్నాను. వాళ్ళు దాన్ని కృతజ్ఞత అనుకుని ఉంటారు.

ఆమె కిడ్నీ నాలో మొదటి రోజునుంచే పని చేసింది. బడికి వెళ్ళి అదే బొమ్మ మళ్ళీ గీశాను, కొత్తవి రావని మళ్ళీ చెప్పాను. అక్కను పరీక్షకు మాత్రం ఒక్క ఏడూ రమ్మనలేదు. రమ్మంటే ఎందుకని అడుగుతుంది. నడుము నొప్పికి ఆమె మెడికల్ షాపు మాత్రలు మింగుతోందని తెలుసు. ఒకసారి నీళ్ళ చెంబు అందించింది నేనే.

పోయిన నెల ఆమె కాళ్ళు వాచాయి. చింతామణికి స్కానింగుకు తీసుకెళ్ళాను. మీకు కిడ్నీ ఒకటే ఉందమ్మా అన్నాడు స్కాన్ చేసే అతను.

"ఇంగా చిగురేయలేదా అప్పా? ఎనిమిదేండ్లాయ కదా."

అతను నవ్వాడు. నేనూ అతనితో కలిసి నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నోట్లో చేదు ఊరుతుంది, ఉమ్మినా పోదు.

రక్త పరీక్షలో ఆ ఉన్న ఒక్కటీ బాగా దెబ్బతిన్నదని తేలింది. నొప్పి మాత్రలు వద్దని ఎవరూ చెప్పలేదా అని డాక్టరమ్మ కోప్పడింది. "మా తమ్ముడు సైన్సు టీచరమ్మా. అట్లాంటిదుంటే వాడు చెప్పకుండా పోతాడా?" అంది అక్క, నన్ను చూపించి.

ఇంటికి వచ్చాక ఆమె వాచిన కాళ్ళతోనే పురుగులకు ఆకు తరగడానికి కూచుంది. కత్తి నేను తీసుకుంటానన్నాను. నా కిడ్నీ పెట్టుకున్యావని నా పని గూడా వస్తాదనుకున్యావా, ఆకు పాడు చేస్తావు పో, అంది. అప్పుడు చెప్పాను. డాక్టరు ఆ రోజు అన్న ప్రతి మాటా, వరసగా, ఏదీ వదలకుండా. చిగురించడం అబద్ధమని కూడా.

కత్తి ఆగింది. అక్క దాన్ని ఆకు మీద పెట్టింది.

"ఇదంతా చెప్పింటే నేను ఇయ్యననుకుంటివా?"

"అనుకున్యానక్కా," అన్నాను. "నీకు చెప్పకపోయింది ఒక తప్పు. నిన్ను అట్లా అనుకునింది ఇంగా పెద్ద తప్పు. రెండిటికీ నన్ను మన్నించక్కా."