అరువుకొచ్చే కరుణమ్మ గారు

కరుణమ్మ గారికి అరువు జబ్బు. ఇంట్లో అన్నీ ఉన్నా, పక్కింటి తలుపు కొట్టి ఏదో ఒకటి అడగందే ఆవిడకు పొద్దుపోదు. అడిగింది చేతికిచ్చినా వెళ్లరు. సోఫాలో చేరగిలబడి, బాపట్లలో తన పెళ్లినాటి వంటల దగ్గర మొదలుపెడతారు.

అమెరికాలోని నోవై ఊళ్లో ఆ పక్కిల్లు దెబోరాది. చింతపండు, అట్లకాడ, సూదీ దారం, ఒకసారి మంచు కురుస్తుంటే గొడుగు కూడా అడిగారు. మంచుకు గొడుగెందుకని దెబోరా భర్త ఆనందబాబు పళ్లు నూరాడు.

"మంచు కూడా పైనుంచే కదా బాబూ పడేది," అని ఆవిడ కూర్చుండిపోయారు.

అతను కారు పార్క్ చేసి లోపలికొచ్చిన కాసేపటికే ఆవిడ ప్రత్యక్షం. అతను విసిగి వెళ్లి పడుకునేదాకా కదిలేవారు కాదు. దెబోరాకూ విసుగే.

1983 చలికాలంలో ఆనందబాబు ఉద్యోగం పోయింది. భార్య మీద చెయ్యి మరీ ఎక్కువగా లేవసాగింది. ఒకరోజు దెబోరా పెదవి చితగ్గొట్టి, కోర్టుకీడిస్తే చంపుతానని చెప్పి టెక్సస్ వెళ్లిపోయాడు. తన చంటిపాపకు పాలు కొనే దారిలేక ఆమె, లేనివాళ్లకు ప్రభుత్వ సాయం ఇచ్చే వెల్ఫేర్ ఆఫీసుకు వెళ్లింది.

సాయం కావాలంటే పాప తండ్రి ఆచూకీ చెప్పాలన్నారక్కడ. పిల్ల ఖర్చు అతని దగ్గర ప్రభుత్వమే వసూలు చేసుకుంటుందట. చెప్పకపోతే దెబోరా వంతు సాయం కోసేస్తారు. చెబితే అతనికి కోర్టు నోటీసు చేరుతుంది. ప్రాణభయం ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది కానీ రుజువు కావాలని అక్కడ దరఖాస్తులు చూసే కేస్‌వర్కర్ చెప్పింది. దెబోరా ఏనాడూ పోలీసులను పిలవలేదు, ఆస్పత్రికి పోలేదు. చూసినవాళ్లెవరైనా ప్రమాణం చేసి చెప్పినా సరేనందామె.

చూసిన మనిషి ఒక్కరే, ఆవిణ్ని వెంటబెట్టుకెళ్లింది. ఆ ఆఫీసులో తెలుగు వచ్చినవాళ్లు లేరు గనుక కరుణమ్మ గారి మాటలను దెబోరానే ఇంగ్లీషులో చెప్పింది. కమిలిన మోచేతులు, వాచిన చెంపలు, ఆవిడ అన్నీ చెప్పారు. రోజూ వాళ్లింటికి ఎందుకు వెళ్లేవారని కేస్‌వర్కర్ అడిగింది.

"గోడవతల ఈ అమ్మాయి ఏడుపు వినబడేది. ఊరికే వస్తే అతను లోపలికి రానిస్తాడా? అందుకే ఏదో ఒకటి అడిగేదాన్ని. నేను కూర్చున్నంతసేపూ చెయ్యెత్తేవాడు కాదు."

ఆ మాటలు ఇంగ్లీషులో సగం చెప్పేసరికే దెబోరా ఏడ్చేసింది. కేస్‌వర్కర్ మంచినీళ్లిచ్చి, ఆమె తేరుకునేదాకా ఆగింది.

కొన్ని వారాలకు మినహాయింపు దొరికింది. అతని జోలికి పోకుండానే సాయం అందసాగింది. ఆ కబురు చెబుతూ, అన్నాళ్లు అతని ఎదురుగా ఎలా కూర్చోగలిగారు ఆంటీ, భయం వేయలేదా అని దెబోరా అడిగింది.

"వేయకేం? కాళ్లు వణికి లేవలేకపోయేదాన్ని," అన్నారు కరుణమ్మ గారు. "అందుకే అంతంతసేపు కూర్చునేదాన్ని అమ్మాయ్."