ముత్తయ్య ఫ్లెక్సీల పిచ్చి

ముత్తయ్యకు లోకంలో ఒక్కటే పిచ్చి, ఫ్లెక్సీలు. ఎల్లారెడ్డిలో ఎవరి పుట్టినరోజుకు ఫ్లెక్సీ కట్టినా, తాడు ముడి బిగియకముందే కింద నిలబడి అడుగుతాడు: "అన్నా, గిది ఎప్పుడు ఇప్పుతరు?"

ఒక పెండ్లిలో తలంబ్రాలు పోస్తుండగా పెండ్లికొడుకునే అడిగాడు. భార్య శాంతవ్వ తలెత్తుకోలేక అన్నం తినకుండానే ఇల్లు చేరింది. పోనీ, అడిగి తెచ్చినవాటిలో ఒక్కటి కారే ఇంటి పైకప్పు మీద పరచమంటే, "గవి వేరే పనికున్నయి" అంటాడు. ఏం పనో చెప్పడు. శాంతవ్వకు ఒళ్లు మండేది.

అమెరికా సర్కారు సాయంతో అడవి జింకలకు నీళ్లు పెట్టే సంస్థ ఒకటి కామారెడ్డిలో ఉండేది. పెట్టిన నీళ్లకంటే పెట్టిన మీటింగులే ఎక్కువ. ముత్తయ్య అందులో తొట్లు నింపే కూలీ. ఆ సాయం ఆగగానే ట్యాంకరు ఆగింది, ముత్తయ్య కూలీ ఆగింది, పగిలిన సిమెంటు తొట్లకు మరమ్మతు ఆగింది. మీటింగు మాత్రం ఆగలేదు.

సాయం ఆగినందుకు విచారిస్తూ ఒక మీటింగు పెట్టారు. వెనక గోడంత ఫ్లెక్సీ, అందులో ఎండిన చెట్టు పక్కన డైరెక్టరు ప్రేమ్‌కుమార్ చిరునవ్వు. ఆయన జింకల దాహం గురించి గంటసేపు గద్గదంగా మాట్లాడి, చల్లటి నీళ్ల సీసా ఖాళీ చేసి, ఎవరైనా ఏమైనా అడగాలా అన్నాడు.

ముత్తయ్య లేచాడు. "సార్, ఆ ఫ్లెక్సీ ఎప్పుడు ఇప్పుతరు?"

"అడవి గురించి అడగవయ్యా!"

"అడవి సంగతి మీరు జెప్పిన్రు గద సార్. నాకు ఫ్లెక్సీ చాలు."

మర్నాడు అతను ఆ ఫ్లెక్సీని చుట్టి సైకిలుకు కట్టి, తోసుకుంటూ అడవి దారి పట్టాడు. అమ్ముకుని కల్లు తాగుతున్నాడని శాంతవ్వ అనుమానం. వెనకే నడిచింది.

అడవిలో ముత్తయ్య పగిలిన తొట్టిలో డైరెక్టరును పరిచి, అంచుల మీద రాళ్లు పెట్టి, డబ్బాతో నీళ్లు పోశాడు. పక్క తొట్లలో అప్పటికే చీరల షాపు, ఇంటర్ ర్యాంకులు, ఎవరిదో పుట్టినరోజు నీళ్లకింద తళతళలాడుతున్నాయి.

"గిదా నీ వేరే పని?" శాంతవ్వ నడుం మీద చెయ్యి పెట్టింది.

"సిమెంటుకు దిక్కులేదు. ఫ్లెక్సీ పరిస్తె నీళ్లు ఇంకయి."

"మరి నా ఇల్లు కారాల్నా?"

"ఎండకాలం జింకలకు, వానకాలం నీకు. వాన పడంగనె అన్ని ఇంటికే తెస్త."

ఇన్నాళ్లూ తిట్టినందుకు శాంతవ్వకు సిగ్గేసింది. అది బయటపెడితే ఇతన్ని పట్టలేమని మూతి ముడుచుకుంది.

ఇంతలో పొదల్లోంచి జింక ఒకటి వచ్చింది. కొత్త తొట్టిలోకి తొంగిచూసి, ఎగిరి వెనక్కి దూకింది.

"మీ సారు మొఖం జూసి జడుసుకుంది. బోర్లెయ్యి!"

ఇద్దరూ కలిసి ఫ్లెక్సీని తిప్పి తెల్లవైపు పైకి పరిచారు. ఒలికిన నీళ్లకు బదులు శాంతవ్వే దారి పక్క బోరింగు కొట్టి డబ్బా నింపుకొచ్చి పోసింది. జింక మళ్లీ వచ్చి, మెడ వంచి తాగింది. ప్రేమ్‌కుమార్ అడవికి పనికిరావడం అదే మొదటిసారి.