విద్యావతక్క దిష్టి

మా నాంపల్లి బిల్డింగులో విద్యావతక్క చేత దిష్టి తీయించుకోకుండా గేటు దాటిన మనిషి లేడు. ఆమె ఒకచోట కుదురుగా కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే చాలు, గుప్పిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలతో ప్రత్యక్షం. కొత్త బట్టలు తొడిగామా, ఇక మన పని అయిపోయినట్టే.

“ఆగు తమ్మీ! గీ అంగీ మీద అబిడ్స్‌ల ఎన్ని కండ్లు పడ్డయో!”

“ఇంకా ఎవ్వరు చూడలే అక్కా, ఇప్పుడే తొడుక్కున్న.”

“నేను చూసిన గద! నా కండ్లు మంచియి కావు. జర ఆగు.”

గ్యాస్ సిలిండర్ తెచ్చినాయనకు తీసింది. సిలిండర్‌కూ తీసింది. ఆ మిరపకాయలు పెనం మీద వేసి కాలిస్తే ఘాటుకు బిల్డింగంతా దగ్గాలి. దగ్గితే చెడు పోయినట్టు. దగ్గకపోతే దిష్టి గట్టిదని మళ్లీ తీసేది. ఇక బాణామతి, చేతబడి అనే మాటలు చెవిన పడితే మాత్రం గజగజ వణికి తలుపేసుకునేది.

మొన్న వానాకాలం ఓనరు వెంకటేశం మనవరాలికి జ్వరం పట్టుకుని వదల్లేదు. ఒకరోజు పొద్దున, ఒంటరిగా బట్టలు కుట్టుకుని బతికే కామాక్షి గది ముందు, కుంకుమ పూసిన నిమ్మకాయ కనబడింది. ఇంకేముంది, అందరూ గుమిగూడారు.

“బాణామతి! మా పిల్ల మీద గీమెనే చేసింది. ఇప్పుడే రూమ్ ఖాళీ చెయ్యాలె!” అని వెంకటేశం చిందులేస్తున్నాడు.

“నాకేం ఎర్కలేదన్నా,” అని కామాక్షి ఏడుస్తోంది. కుట్టుమిషన్‌తో సహా రోడ్డున పడేలా ఉంది. ఆ నిమ్మకాయను ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. నిజం చెప్పాలంటే నాకూ లేదు.

విద్యావతక్క జనాన్ని తోసుకుంటూ వచ్చింది. మొహంలో నెత్తురుచుక్క లేదు. వంగి నిమ్మకాయ తీసుకుంది, కామాక్షి గదిలోకి పోయి కడిగి కోసింది, గ్లాసులో పిండి చక్కెర కలిపింది, గడపలో నిలబడి అందరి ముందూ గటగటా తాగేసింది.

“నా నిమ్మకాయనే! దేవుని కాడ పెట్టింది, సంచిల నుంచి జారింది. ఇగ పోన్రి!”

అబద్ధం. బాణామతి అంటేనే తలుపేసుకునే మనిషి తాగింది ఆ నిమ్మకాయనే. ఆ క్షణంలో ఆమె మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టింది.

ఆమె మాత్రం గడపలోనే కూలబడి, “కామాక్షీ, జల్దీ ఉప్పు తే! నాకు దిష్టి తియ్యి!” అంది.

“నేనా అక్కా?”

“మరి నాకు నేనే తీసుకుంటనా? పానం గుంజుతున్నది, తియ్యే!”

కామాక్షి కళ్లు తుడుచుకుని దిష్టి తీసి, మిరపకాయలు పెనం మీద వేసింది. ఘాటుకు జనమంతా ఒకటే దగ్గు. అందరికంటే గట్టిగా దగ్గింది వెంకటేశం. దగ్గి దగ్గి, తల గోక్కుంటూ కామాక్షి దగ్గరికొచ్చాడు.

“అమ్మా... నీ చెయ్యి మంచిదున్నట్టుంది. జర మా పిల్లకు గూడ తీస్తవా?”

“తీస్తది గని,” అని గడపలోంచి అరిచింది విద్యావతక్క, “ముందుగాల పిల్లను దవాఖానకు తోల్కపో!”