ఏవిస్ ఆంటీ చెప్పిన నట్టల పాఠం

ముప్పై ఒక్క ఏళ్లు పిల్లలకు బైబిల్ చెప్పిన ఏవిస్ పమ్‌ఫ్రీని ఆదివారం బడి నుంచి తీసేశారు. తీసేసినట్టు ఆవిడకు ఎవరూ చెప్పలేదు. తలుపు తీసేసరికి లోపల ఇంకొకరు పాఠం చెబుతున్నారు. తెచ్చిన బిస్కెట్ల డబ్బా అక్కడే పెట్టి వచ్చేసింది.

ఆవిడ చేసిన నేరం నట్టల గురించి చెప్పడం. మా గయ్రా కొండ ఎత్తుల్లో జనవరిలో, అంటే మాకు నడి వేసవిలో, వానలు పడితే చాలు, గొర్రెల కడుపులో నట్టలు చేరి రక్తం పీల్చేస్తాయి. దేవుడు చేసిన జీవి చేసినట్టే ఉంటుంది కాబట్టి ఒకసారి చంపిన మందు ఎప్పటికీ చంపుతుందనుకుంది ఆవిడ. పదిహేనేళ్లు తన మందకు అదే మందు తాపింది. ఒక్క వేసవిలో రెండు వందల గొర్రెలు పోయాయి.

ఆ దెబ్బతో తెలుసుకున్నదే పిల్లలకు చెప్పింది. ఆ మందుకు చావని నట్టలు మొదట్నుంచీ కొన్ని ఉన్నాయి. మిగతావి చచ్చాక అవే పెరిగాయి. మందు ఏరిందే తప్ప కొత్తగా ఏదీ చేయలేదు. ఏ కష్టమొచ్చినా కొన్నయినా బతకాలని దేవుడు ప్రతి జాతిలోనూ ముందే రకరకాలు పెట్టాడు. నోవహు ఓడలోంచి దిగిన కొద్ది జీవాలు ఇన్ని చోట్ల ఇన్ని తీర్లుగా బతుకుతున్నది అందుకే. సృష్టి అనేవాళ్లవీ, పరిణామం అనేవాళ్లవీ రెండు పక్షాల పుస్తకాలూ చదివి కళ్లు పాడుచేసుకున్నాను గానీ, ఇంత తేటగా నాకెక్కడా దొరకలేదు. మా సంఘ పెద్దలు మాత్రం 'మారడం' అన్న మాట వింటే చాలు, చెవులు మూసుకుంటారు.

నేను ఆవిడ షెడ్డులో ఉన్ని కత్తిరిస్తుంటే సంఘ పెద్ద డగల్ స్ట్రాన్ వచ్చాడు.

"ఏవిస్, పొరపాటున అన్నానని ఒక్క మాట చెప్పు. వచ్చే వారమే క్లాసు నీది."

"నువ్వు ఈ ఏడు ఏ మందు తాపావు డగల్?"

"కొత్తది. పాతది పనిచేయడం లేదుగా."

"ఎందుకు పనిచేయడం లేదో?"

నాకు నవ్వాగలేదు.

"నువ్వు నోరు మూసుకుని కత్తిరించవోయ్, పెద్ద చదివేశావు!" అని నా మీద అరిచాడు. మళ్లీ ఆవిడ వైపు తిరిగి, "రేపు పిల్లలు కోతి నుంచి మనిషి వచ్చాడంటే?" అన్నాడు.

"నట్టలోంచి నట్టే వచ్చిందన్నాను. కోతి నీ నోట్లోంచి వచ్చింది."

డగల్ విసురుగా వెళ్లిపోయాడు. క్లాసు మళ్లీ రాలేదు. ఆవిడ చర్చికి వెళ్లేది, చివరి బెంచీలో కూర్చునేది, లేచి వచ్చేసేది.

చివరిసారి కలిసినప్పుడు కంచె దగ్గర నిలబడి ఉంది. మోకాళ్లు వాచాయి.

"ఆ ఒక్క మాట అనేస్తే పోయేదిగా ఆంటీ?" అన్నాను.

"ఆదివారాలు గడవడం లేదురా, నిజమే. కానీ వాళ్లూ రేపు గొర్రెల్ని మేపుకోవాల్సిన పిల్లలే. నేను అబద్ధమాడితే, మంద పోయిన రోజు దేవుడే అబద్ధమాడాడనుకుంటారు. క్లాసు లేకపోతే లేదు. వెళ్తూ ఆ గేటు వెయ్యి, నాకు ఓపిక లేదు."