రెండో లివరు

మా ట్రాక్టరుకి సీటు కుడిపక్కన రెండు లివర్లుంటాయి. ఒకటి ఎత్తితే వెనకాల దున్నే పళ్ళున్న కల్టివేటరు లేస్తుంది, దించితే దిగుతుంది. రెండోది ఏం చేస్తుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. చాలా ఏళ్ళ కిందట మా మావగారు ఆ పాత బండిని రామచంద్రపురం వైపు ఒక రైతు దగ్గర కొన్నారు. అప్పటికే ఆ లివరు పైకెత్తి బైండింగు వైరుతో కట్టేసి ఉందట. "దీన్ని మాత్రం ముట్టుకోకండి" అన్నాడట అమ్మినాయన. మావగారు ముట్టుకోలేదు. తర్వాత తోలిన మా ఆయనా ముట్టుకోలేదు. ఆయన మస్కట్ వెళ్ళాక, మావగారు మోకాళ్ళ నొప్పులతో బండెక్కలేక పోతుంటే, తోలడం నేను నేర్చుకున్నాను. నేనూ ముట్టుకోలేదు కానీ, సీట్లో కూర్చున్నప్పుడల్లా దాని వైపు ఒకసారి చూసేదాన్ని. ఏ పనీ లేకుండా ఎవరైనా ఒక లివరు పెడతారా అనిపించేది.

పోయిన వేసవిలో కొబ్బరితోట దున్నుదామని బండి కడుగుతుంటే, తుప్పు పట్టిన ఆ వైరు నా చేతిలో పుటుక్కున తెగింది. సాయంత్రం మళ్ళీ కడదాంలే అనుకుని తోటలోకి తోలాను. ఇంజను అదురుకి లివరు మెల్లగా కిందికి జారిన సంగతి నేను గమనించలేదు.

చెట్ల వరసల మధ్య కాస్త దూరం వెళ్ళానో లేదో, కల్టివేటరు దానంతటదే పైకి లేచింది. వెనక్కి తిరిగి చూస్తే పళ్ళు గాల్లో ఉన్నాయి. నేను ఏ లివరు మీదా చెయ్యి వెయ్యలేదు. ఇంకొంచెం ముందుకెళ్ళగానే దబ్బున పడింది. మళ్ళీ లేచింది. బండి ఆపేసి రాజోలు మెకానిక్కుకి ఫోన్ చేశాను.

"కల్టివేటర్ని లేపే లిఫ్టు పోయుంటదండీ. పైమూత విప్పి చూడాలి. దాళ్వా వరికోతలు కదండీ, ఊపిరాడట్లేదు. వారం ఆగండి" అన్నాడు.

ఇంజను చప్పుడు ఆగిపోవడంతో మావగారు చేతికర్ర పుచ్చుకుని తోటలోకి వచ్చారు. లివరు కిందికి జారి ఉండటం చూశారు.

"తీగ తెగిందా అమ్మా?"

"ఆయ్. కడుగుతుంటే తెగిందండి."

"అయితే మళ్ళీ కట్టెయ్యి. సరిపోద్ది."

"కట్టేద్దామండి. కానీ కల్టివేటరు దానంతటదే ఎందుకు లేస్తుందో ఒక్కసారి చూసి కట్టేద్దాం మావయ్యగారూ."

ఆయన నా మొహం వంక చూసి నవ్వేశారు. "నాకూ చూడాలనే ఉండేదమ్మా. ఏదన్నా పాడైతే మీ అత్తగారు ఇంట్లో ఉండనివ్వదని ఊరుకున్నాను."

నేను బండిని అన్నిటికంటే చిన్న గేరులో పోనిచ్చాను. ఆయన పక్కగా, చక్రాలకి దూరంగా నడుస్తూ వెనకభాగమే చూస్తున్నారు. వరస సగమయ్యేసరికి కర్ర పైకెత్తి అరిచారు.

"చెట్టు దగ్గరే లేస్తందమ్మా! మధ్యలో లేవట్లేదు. వేరు తగిలినప్పుడల్లా లేస్తంది!"

మట్టిలో ఉన్న వేరు సంగతి ఆ ఇనప బండికి ఎవరు చెప్తున్నారు?

రెండోసారి వెళ్ళినప్పుడు ఆయన జవాబు పట్టేశారు. సీటు వెనక ఒక లావుపాటి స్ప్రింగు ఉంది. కల్టివేటరు తలనీ ట్రాక్టరునీ కలిపే టాప్ లింకు కడ్డీ వచ్చి దాని దగ్గరే ఆనుతుంది. పళ్ళు వేరుకి అడ్డుపడగానే కల్టివేటరు తల ముందుకి తూలుతోంది, కడ్డీ స్ప్రింగుని నొక్కుతోంది, ఆ నొక్కుడికి లిఫ్టు లేస్తోంది. రెండో లివరు పని ఇదన్నమాట. నేల ఎంత గట్టిగా ఎదురు తిరిగితే లేవాలో చెప్పడం.

మరి అంత మోటుగా ఎగిరి పడటం ఎందుకు? బండి ఆపి, కల్టివేటరుని నేలమీదికి దించి, టాప్ లింకు పిన్ను పీకాను. స్ప్రింగు కొసన కడ్డీని పట్టుకునే భాగాన్ని చేత్తో ఊపితే టక్కు టక్కుమంది.

"లూజుందండీ."

ఆయన కూడా ఊపి చూశారు. "అదేనమ్మా! ఈ లూజంతా అయ్యేదాకా స్ప్రింగుకి కబురందదు. అందేసరికి ఒకేసారి ఎగురుతంది. సైకిలు చక్రం ఇరుసుకి కోను బిగిస్తాం కదా, అలాగే చెయ్యాలి. ఊగకూడదు, అలాగని బిగుసుకుపోకూడదు."

ఆ భాగాన్ని తిరక్కుండా పట్టి ఉంచే చిన్న బోల్టు తుప్పుతో కదల్లేదు. కిరసనాయిలు పోసి, అన్నాలు తినొచ్చి, పానా వేస్తే కిర్రుమని తిరిగింది. నేను ఉత్సాహం కొద్దీ కడ్డీని పట్టుకునే భాగాన్ని తిప్పి మరీ బిగించేశాను. స్ప్రింగుని తిప్పి చూస్తే తిరగలేదు. కాస్త వదులు చేశాను. ఇప్పుడు ముందుకీ వెనక్కీ ఊగడం లేదు గానీ, చేత్తో తిప్పితే తిరుగుతోంది. మావగారు వేళ్ళతో తిప్పి చూసి తలూపారు. అది అక్కడే నిలిచేలా చిన్న బోల్టు బిగించాను.

మొదటి చెట్టు దగ్గరికొచ్చేసరికి వెనక్కి తిరిగి చూశాను. కల్టివేటరు మెల్లగా కొంచెం లేచింది, వేరు మీదుగా జరిగింది, మళ్ళీ మట్టిలోకి దిగిపోయింది. ఇక ఆ పూటంతా మాకు అదే పని. రెండో లివరు కాస్త దించితే పళ్ళు లోతుగా పట్టేవి, కాస్త ఎత్తితే పైపైన గీరేవి. తోట చివరికి ఎలా తయారైందంటే, ఒక వరస గోతులు, ఒక వరస గీతలు. అత్తగారు వచ్చి చూసి, "ఇది దున్నడమా, ముగ్గులేసేరా?" అన్నారు.

తర్వాతి వారం వచ్చిన మెకానిక్కు అంతా విని, తనే ఒక వరస తోలి చూసుకున్నాడు. "బావుందండీ. కానీ వరిచేలో నీళ్ళు పెట్టి దమ్ము చేసేటప్పుడు ఈ రెండో లివర్ని మొత్తం పైకెత్తి, దీని పని ఆపేసుకోండి. బురదలో దీనికి ఏదీ గట్టిగా తగలదు, కల్టివేటరు కిందికి దిగిపోతానే ఉంటది. బండి అమ్మిన రైతు వరే వేసుంటాడు, అందుకే కట్టేసుంటాడు."

అతను వెళ్ళాక మావగారు తనూ ఒక వరస తోలతానన్నారు. వద్దన్నా వినలేదు. స్టూలు వేసి, నా భుజం మీద చెయ్యేసి ఎక్కారు. ఇన్నేళ్ళూ ఆయన మెడ వెనక్కి తిప్పుకుని, ఒక చెయ్యి మొదటి లివరు మీదే ఉంచి తోలారు. ఆ రోజు రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి ముందుకి చూస్తూ వెళ్ళారు. వరస చివర ఆపి చాలాసేపు దిగలేదు. స్టూలు పట్టుకుని దగ్గరికి వెళ్ళాను.

"ఎన్ని వేర్లు తెంపేసేనో కదమ్మా" అన్నారు, చెట్ల తలల వంక చూస్తూ. నేను స్టూలు వేస్తుంటే, "ఇకనుంచి తెగవులే" అని కిందికి కాలు జాపారు.

ఆ రాత్రి మా ఆయనకి వీడియో కాల్‌లో చెప్తుంటే సగంలోనే మావగారు ఫోను లాక్కున్నారు. దాన్ని చెంబుకి ఆనించి నిలబెట్టి, ఒక చేతిని గుప్పిట పట్టి, రెండో అరచేత్తో నొక్కి చూపిస్తూ, "ఇదిగో, ఇది స్ప్రింగు అనుకో" అని మొదలుపెట్టారు. మా ఆయన అర్థమైందన్నా ఆపలేదు. మళ్ళీ మొదటినుంచీ చెప్పారు.