బల్లి పడని పప్పు

పప్పులో బల్లి పడిందని ఆగమ్మను బడి నుంచి వెళ్లగొట్టారు. పప్పులో బల్లి పడలేదు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి ఎవరికి చెప్పినా, మా ఊళ్లో మొదటిదే నిలుస్తుంది.

అప్పుడు మేం ఏడో తరగతి. పటాన్‌చెరు దగ్గర కర్దనూర్ దాటి ఇంకా లోపలికి వెళితే మా ఊరు. బడి గోడకు అవతల మొక్కజొన్న చేను, చేనుకు అవతల మందుల ఫ్యాక్టరీ. ఆ ఫ్యాక్టరీ వాసనను బయటివాళ్లకు ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. మురిగిన కోడిగుడ్డు మీద గోళ్ల రంగు పోస్తే ఎలా ఉంటుందో అలా ఉండేది. మేం ఆ వాసనలోనే ఎక్కాలు నేర్చుకున్నాం, ఆ వాసనలోనే కబడ్డీ ఆడాం. చిన్నప్పటి రోజులు బంగారమని రాసేవాళ్ల పుస్తకాలు తర్వాత చాలా చదివాను. వాళ్ల బడి పక్కన ఏముండేదో మరి.

మాకూ ఒక మంచి గంట ఉండేది. మధ్యాహ్నం అన్నం గంట. ఆ గంట ఆగమ్మది.

పొట్టి మనిషి. నుదుటి మీద పచ్చబొట్టు, కొంగు ఎప్పుడూ నడుములో దోపి ఉండేది. గుమ్మడిదల వైపు పల్లె నుంచి మా ఊరికి కోడలుగా వచ్చింది. ఉన్న కాస్త భూమి ఫ్యాక్టరీకి పోతే, భర్త అదే ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనికి కుదిరాడు. దగ్గి దగ్గి పోయాడు. ఆ తర్వాత ఆమె బడిలో వంటకు వచ్చింది. పిల్లలు లేరు. అందుకే మామీద అంత ప్రేమ అని టీచర్లు అనేవారు. ఆమెకు మామీద అంత ప్రేమేమీ లేదు. నోరు తెరిస్తే తిట్టేది. ఆమెకు ఉన్నది వంట మీద పట్టుదల.

రేకుల కింద మూడు రాళ్ల పొయ్యి. దాని మీద గంజు, గంజు మీద మూత, మూత మీద బరువుకు రాయి. ఫ్యాక్టరీ గొట్టంలోంచి వచ్చే పొగ ఎటు వంగుతుందో చూసేది. గాలి బడి వైపు వీస్తుంటే మూత తీసేది కాదు. ఎంత ఆకలి వేసినా సరే, మేం పళ్లాలు పట్టుకుని గాలి తిరిగే దాకా వరసలో నిలబడేవాళ్లం. అలా అన్నం కోసం గాలి వైపు చూసిన పిల్లలు ఇంకెక్కడైనా ఉన్నారో లేదో నాకు తెలియదు.

"పెద్దమ్మా, కడుపుల ఎలుకలు ఉరుకుతున్నయే! పెట్టరాదూ!" అని శ్రావణ్‌కుమార్ పళ్లెం వాయించేవాడు. క్లాసులో వాడిదే పెద్ద గొంతు.

"ఆగురా. గాలి తిరగనియ్యి. పొగ తింటవా, పప్పు తింటవా?"

"రెండు కలిపి పెట్టు. నీ పప్పుల ఉప్పు తక్కువుంటది, సరిపోతది."

"నీ నాలుక కోసి కూర వండుత. కూసో!"

మేమంతా నవ్వేవాళ్లం. ఆమె నవ్వేది కాదు. గాలి తిరిగాక మూత తీసేది. వెల్లుల్లి పోపు వాసన ఒక్కసారిగా లేచేది. ఆ కాసేపు మా ఊళ్లో ఫ్యాక్టరీ ఉండేది కాదు.

ఆ ఏడు బడిలో నీళ్ల ట్యాంకు పగిలింది. బడి కమిటీకి చైర్మన్ అంజయ్య. పొలాలున్నవాడు, పైగా ఫ్యాక్టరీకి కూలీలను పంపే కాంట్రాక్టరు. మేం తాగే నీళ్లకని ట్రాక్టరు మీద రెండు నీలం డ్రమ్ములు తెచ్చి దించాడు. ఫ్యాక్టరీకి మందుల ముడిసరుకు వచ్చే డ్రమ్ములు అవి. ఖాళీ అయ్యాక బయటికి వస్తాయి. మా ఊళ్లో ఆ డ్రమ్ము లేని ఇల్లు లేదు. చింతపండు, బూడిద వేసి రుద్ది, ఎండలో బోర్లిస్తే చాలు, పనికొస్తుందని అందరి నమ్మకం. మా ఇంట్లో కూడా తాగే నీళ్లు దాంట్లోనే.

బడి డ్రమ్ముల మీద తెల్ల రంగుతో 'దాత: అంజయ్య' అని పెద్ద అక్షరాలతో రాయించారు. ఆగమ్మ వాటిని రుద్దింది, మళ్లీ రుద్దింది. హెడ్మాస్టరు దగ్గరికి పోయి, "సార్, ఒక దాంట్ల వాసన పోతలే" అంది. మేం వరండాలో ఉండి విన్నాం.

"ఈ ఊళ్లో వాసన రానిదేముంది ఆగమ్మా?" అన్నాడాయన. ఆయన చెప్పింది నిజమే. వంటకు మాత్రం ఆమె ఎప్పటిలాగే బిందెతో బోరు నీళ్లు మోసుకొచ్చేది.

తర్వాతి సోమవారం అన్నం తిన్న కాసేపటికి మా క్లాసు నదీమ్ వాంతి చేసుకున్నాడు. తర్వాత నేను, తర్వాత ఆడపిల్లలు, తర్వాత లెక్కపెట్టేవాళ్లు లేరు. అంబులెన్సు వచ్చింది. పటాన్‌చెరు ఆసుపత్రిలో ఒక్కో మంచం మీద ఇద్దరిద్దరం పడుకున్నాం. సాయంత్రానికి అందరం లేచి కూర్చుని బిస్కెట్లు తిన్నాం. ఎవరికీ ఏమీ కాలేదు.

కానీ అప్పటికే బల్లి పుట్టింది. ఎవరు ముందు అన్నారో తెలియదు. బల్లిని చూసినవాళ్లు ఒక్కరూ లేరు. చూశారట అని విన్నవాళ్లు మాత్రం ఊరంతా ఉన్నారు. అధికారులు వచ్చి సీసాలో పప్పు పట్టుకుపోయారు. నీళ్లు పట్టుకుపోలేదు.

నదీమ్ ఆ రోజు పప్పు తినలేదు. వాడి తల్లి డబ్బాలో ఖీమా పెట్టి పంపింది. వాడు తాగింది డ్రమ్ములో నీళ్లే. ఆసుపత్రి నుంచి రాగానే మా క్లాసు సారుతో అన్నాడు.

"నేను పప్పు ముట్టలే సార్. ఫిర్ భీ ఫస్టు నాకే వాంతులైనయ్."

"పప్పు తిన్నోళ్ల పక్కన కూసున్నవ్ గదరా."

"పక్కన కూసుంటే అయితదా సార్?"

"నోర్మూస్కో."

ఆ సాయంత్రం తల్లిదండ్రులు బడి ముందు గుమిగూడారు. ఆగమ్మ మిగిలిన పప్పు గంజును ఈడ్చుకొచ్చి అందరి ముందు చతికిలపడింది. అన్నం కూడా లేకుండా, చేత్తో తీసుకుని తింది. అడుగు కనిపించే దాకా తింది. "సూడుండ్రి. బల్లి పడ్తే నేను సావాలె గద" అంది. ఆమెకు ఏమీ కాలేదు. అప్పుడు ఊరు ఏమందో తెలుసా? "దానికి అలవాటే" అంది.

డ్రమ్ము అని అనడానికి ఎవరికీ నోరు రాలేదు. డ్రమ్ము అంటే దాని మీది పేరు అన్నట్టు. ఆ పేరు అన్నాక రేపు ఫ్యాక్టరీలో పని ఎవరు ఇప్పిస్తారు? అదొక్కటే కాదు. బడి డ్రమ్ము చెడ్డదైతే ప్రతి ఇంట్లో డ్రమ్మూ చెడ్డదే. ఇన్నాళ్లుగా తాము పిల్లలకు ఏం తాగిస్తున్నామో ఒప్పుకోవాలి. బల్లి అయితే ఎవరి ఇంట్లోనూ లేదు. కనక బల్లే పడింది.

ఆగమ్మను తీసేసిన మర్నాడే రెండు డ్రమ్ములనూ మూత్రశాల పక్కకు జరిపారు. తప్పు వంటదైతే డ్రమ్ములెందుకు జరిగాయని ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత ఆమె బతుకు నాకు తునకలుగా తెలుసు. పటాన్‌చెరులో ఒక క్యాంటీన్లో వంటకు చేరింది. మా ఊరివాడొకడు అక్కడ భోజనానికి కూర్చుని, "ఏందే బల్లి ఆగమ్మా, ఈడ ఏం ఏస్తున్నవ్?" అని హాస్యమాడాడు. వాడు తిని పోయాడు. ఆమెను వంట నుంచి తప్పించి అంట్లు తోమే దగ్గర పెట్టారు. ఇంకోచోట కూడా అంతే. చివరికి ముత్తంగి చేరింది. అక్కడ గోదాముల్లో మూటలు మోసే ఒడిశా కుర్రాళ్లు ఒక గది కిరాయికి తీసుకుని ఉన్నారు. వాళ్లకు వండిపెట్టేది. వాళ్లకు తెలుగు రాదు. బల్లి కథ వాళ్ల దాకా రాలేదు.

నేను డిగ్రీ మధ్యలో వదిలేసి అదే ముత్తంగిలో గోదాము పనికి పోయినప్పుడు ఆమె కనిపించింది. కూరగాయల బండి దగ్గర వంకాయలను ఒక్కొక్కటే తిప్పి చూస్తూ, బండివాణ్ని తిడుతోంది. గొంతుతోనే గుర్తుపట్టాను.

ఈ ఏడు ఎండాకాలం మా బ్యాచ్ వాళ్లు పూర్వ విద్యార్థుల కలయిక పెట్టారు. ఇప్పుడు ప్రతి బడికీ అదొక జబ్బు. పదేళ్లు దాటితే చాలు, ఫ్లెక్సీ, డీజే, టీచర్లకు శాలువాలు, "ఆ రోజులు మళ్లీ రావు" అని ఏడుపు. అన్నిటికీ శ్రావణ్‌కుమారే పెద్ద. వాడిప్పుడు ప్లాట్లు అమ్ముతాడు. మటన్ ఖర్చు అంజయ్య పెట్టుకున్నాడు. ఆగమ్మనూ పిలుద్దామని నేను గ్రూపులో రాశాను. నవ్వు బొమ్మలు వరసగా వచ్చాయి. శ్రావణ్‌కు ఫోన్ చేశాను.

"పిలువురా, ఎవలొద్దన్నరు. ఆమెకూ ఒక శాలువా కప్పుదాం."

"బల్లి పడలేదని మైకుల చెప్పాలె."

"చెప్దాం తియ్యరా. నువ్వు జెర టెన్షన్ తగ్గించుకో."

నదీమ్ ఏసీ మెకానిక్. వాడైతే అడగక ముందే, "నేనే చెప్తా భాయ్. పప్పు ముట్టనోణ్ని నేను. నాకన్నా పెద్ద సాక్షి ఎవడుంటడు?" అన్నాడు.

ఆ ధైర్యంతో ఆగమ్మ దగ్గరికి పోయాను. గడపలో కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది.

"పెద్దమ్మా, మా బ్యాచోళ్లమందరం బళ్లె కలుస్తున్నం. నువ్వు రావాలె."

"ఎంతమందికి వండాలె?"

"వండుడు గాదు. నీకు శాలువా కప్పుతరు."

"ఈ ఎండలకు శాలువా ఏం జేస్కోవాల్రా, పోరగాండ్లకు పరవన్నా?" కత్తిపీట పక్కకు జరిపింది. "ప్రవీణూ, మైకుల ఒక్క మాట సెప్తరా? పప్పుల బల్లి పడలే అని. గది సెప్తే వస్త."

"చెప్తరు."

"నిజంగనా?"

"నదీమ్ చెప్తడు. శ్రావణ్ సరే అన్నడు."

"శాలువా లేకున్నా సరే. గదైతే సెప్పాలె." ఆమె మొహంలో సంతోషం నేను చూడటం అదే మొదలు. ఆ మొహం గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ రోజు ఆమె కొత్త చీర కట్టుకుని వచ్చింది. ముందు వరసలో కుర్చీ ఇచ్చారు. వేదిక మీద అంజయ్య, హెడ్మాస్టరు. ఒక్కొక్కరికీ శాలువాలు అయ్యాయి. తర్వాత శ్రావణ్ మైకు తీసుకున్నాడు.

"ఇప్పుడు మన ఆగమ్మ పెద్దమ్మ! అప్పుడేదో పొరపాటు జరిగింది. ఆ బల్లికి కూడా మన బళ్లె సదువుకోవాల్నని ఉండె కావచ్చు!" అందరూ పడిపడి నవ్వారు. "మనం గదేం మనసుల పెట్టుకోలే. పెద్దమ్మను ఎప్పుడో మాఫ్ చేసినం. చప్పట్లు కొట్టుండ్రి!"

చప్పట్లు మోగాయి. అంజయ్యే స్వయంగా శాలువా కప్పాడు. ఆగమ్మ అతని మొహంలోకి చూసి అంది, "అంజయ్యా, పప్పుల బల్లి పడలే. నీ డ్రమ్ముల నీళ్లు అవి." మైకు దూరంగా ఉంది. ముందు వరస వాళ్లకే వినిపించింది.

"ఇంకా యాదికుందానే?" అని అంజయ్య నవ్వాడు. "పా, తిందాం. మటన్ సల్లగైతది."

నేను నదీమ్ వైపు చూశాను. వాడు ఫోన్లోకి చూస్తున్నాడు. వాడి భార్యకు ఈ మధ్యే అంజయ్య ద్వారా ఫ్యాక్టరీ ప్యాకింగులో పని దొరికిందని ఆ తర్వాత తెలిసింది. ఇక నేనే వేదిక ఎక్కి మైకు లాక్కున్నాను. పప్పు తినని నదీమ్ గురించి, నీళ్ల గురించి, జరిపేసిన డ్రమ్ముల గురించి చెప్పాను. చెప్పానో అరిచానో.

"ఏ ప్రవీణ్, బుక్కులు సదివి సదివి కరాబైనవ్‌రా!" అని వెనక నుంచి ఎవడో అన్నాడు. డీజే మొదలైంది. అందరూ లేచి భోజనాల వైపు నడిచారు. అక్కడ తాగడానికి ఇరవై లీటర్ల మినరల్ నీళ్ల క్యాన్లు వరసగా పెట్టి ఉన్నాయి. ఇప్పుడు మా ఊళ్లో డ్రమ్ము నీళ్లు ఎవరూ తాగరు. డ్రమ్ముల్లో బంతి మొక్కలు పెంచుతున్నారు. అంటే అందరికీ తెలుసు. తెలిసే మాఫ్ చేశారు.

ఆగమ్మ శాలువా మడిచి కుర్చీ మీద పెట్టి బయటికి నడిచింది. నేను వెనకే పోయాను. రోడ్డు మీద ఆటో కోసం ఇద్దరం నిలబడ్డాం.

"పెద్దమ్మా, నేను పిలవకున్నా మంచిగుండె."

ఆమె ఆటో వచ్చే వైపు చూస్తూ కొంగు నడుములో దోపింది. తర్వాతి వారం ముత్తంగి పోతే గదికి తాళం ఉంది. ఒడిశా కుర్రాళ్లు వేరే పనికి ఎటో తరలిపోయారట, ఆమె కూడా వాళ్లతోనే పోయిందని పక్క గదివాళ్లు చెప్పారు. మళ్లీ చూడలేదు.

ఆ రోజు మాత్రం ఆటో వచ్చి ఆగాక, లోపల కూర్చుని, నా చెయ్యి పట్టుకుని అంది:

"ఆళ్లు నన్ను మాఫ్ జేసిండ్రంట బిడ్డా. నేను జెయ్యలే. ఎవలన్న అడిగితే గదొక్కటి సెప్పు."