ఒకే దీపం కింద ఇద్దరు

కొన్నేళ్లుగా ఒక మాటను మింగలేక, కక్కలేక మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. తెలిసినవాళ్ల ముందు నోరు తెరిచే ధైర్యం నాకు ఎప్పుడూ లేదు.

ఆదోనిలో నాకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫొటోలు బతుకుదెరువు. పిచ్చి మాత్రం వేరు: దీపాలు వెలిగాక వీధుల్ని తీయడం. మసక వెలుతురులో ఒక్కో ఫొటో పడటానికి చాలాసేపు పడుతుంది. ఆలోగా నడిచేవాళ్లు పొగలా చెదిరిపోతారు, కదలకుండా నిలబడ్డవాళ్లే సరిగ్గా పడతారు. అందుకని స్టాండు కదపకుండా వరసగా ఫొటోలు తీసి, ఒక్కో దాంట్లో బాగా పడిన మనుషుల్ని కంప్యూటర్లో ఒకే ఫొటోలోకి చేర్చేవాణ్ణి. అది తప్పని అప్పుడు అనుకోలేదు. అంతటితో ఆగి ఉంటే ఇప్పుడూ అనుకునేవాణ్ణి కాదు.

ఆ సాయంత్రం వాన వెలిసింది. మార్కెట్ యార్డు దగ్గర తడి రోడ్డు మెరుస్తోంది, పత్తి లారీలు బారుగా ఆగి ఉన్నాయి. మూసిన కొట్టు ముందు, వీధి దీపం కింద, ఒక అమ్మాయి ఆటో కోసం పక్కకు చూస్తూ నిలబడింది. ఆటో రాగానే ఎక్కి వెళ్లిపోయింది. కాసేపటికి ఒక కుర్రాడు అక్కడికే వచ్చి, ఫోన్లో నవ్వుతూ మాట్లాడాడు. ఫోను అవతలి చెవి దగ్గర ఉండటంతో ఫొటోలో పడలేదు. ఇద్దరినీ ఒకే దీపం కింద చేర్చాను. ఒకరినొకరు చూసుకుంటున్నట్టే కుదిరింది. ఎంత మురిసిపోయానో!

దాన్ని ఒక పోటీకి పంపాను. ఒక్క క్లిక్కులో తీసిన ఫొటోనే పంపాలన్నారు. అలాగే తీశానని చెప్పాను. బహుమతి వచ్చింది. ఫొటో ఊరంతా ఫోన్లలో తిరిగింది.

తర్వాత ఆ అమ్మాయి తండ్రి స్టూడియోకు వచ్చాడు. పత్తి వ్యాపారి, గొంతు పెంచని మనిషి. కూతుర్ని వెంట తెచ్చాడు. ఆమె ఎమ్మిగనూరులో బి.ఎడ్. చదువుతోందని, రోజూ బస్సులో పోయి వస్తుందని, ఆ కుర్రాడెవరో తెలియదంటోందని నెమ్మదిగా చెప్పాడు. చివరికి అడిగాడు.

“అప్పా, నువ్వు కండ్లారా సూసినావు. మా పాప, ఆ పిల్లోడు ఒకేసారి ఆడ నిలబడినారా?”

బల్ల మీద నా బహుమతి ఉంది. ఫొటోల కోసం వచ్చినవాళ్లు కూర్చుని వింటున్నారు. లేదని చెబితే నేను దొంగనని ఊరంతా తెలుస్తుంది.

“నిలబడినారన్నా. నేను సూసిందే తీసినా.”

ఆ అమ్మాయి ఏడవలేదు, తిట్టలేదు. “ఎందుకన్నా ఇట్ల సెప్తాండావు?” అని మాత్రం అడిగింది. నేను కంప్యూటర్ వైపు తిరిగి పని ఉన్నట్టు నటించాను.

ఎవరైనా అడుగుతారేమోనన్న భయంతో ఆ రోజే విడి ఫొటోలన్నీ చెరిపేశాను. ఎవరూ అడగలేదు. ఆమె చదువు మాన్పించి, మద్దికెరలో సంబంధం చూసి తొందరగా పెళ్లి చేశారు.

నేనెందుకలా చెప్పాను? పేరు పోతుందనా? నాకంత పేరెక్కడుందని? ఆ ఒక్క నిమిషం సిగ్గుపడి తల దించుకుని ఉంటే, నాలుగు రోజులు జనం నవ్వి ఊరుకునేవాళ్లు, ఆ పిల్ల మర్నాడు మళ్లీ బస్సెక్కేది కదా అని ఎన్నిసార్లు అనుకున్నానో. అనుకుని ఏం లాభం?

ఈమధ్య చెప్పేద్దామనే ఆ అమ్మాయి తండ్రి కొట్టుకు వెళ్లాను. కుర్చీ వేయించి టీ తెప్పించాడు. ఆ రోజు నేను ఉన్నది ఉన్నట్టు చెప్పబట్టే తన ఇంటి పరువు నిలిచిందని, నా మేలు మరచిపోనని చెయ్యి పట్టుకున్నాడు. కూతురు ఇప్పటికీ తనతో మాట్లాడదట. తప్పు చేసిన పిల్లకు ఇంత పంతమేమిటని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. టీ తాగి వచ్చేశాను.

చూపించడానికి ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదు. నా మాట తప్ప. దాన్ని చెప్పాల్సిన చోట చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. రాస్తుంటే కాస్త ఊపిరి ఆడుతోంది. ఆమెకేం ఒరిగిందంటే, ఏమీ లేదు. అయినా రాస్తాను.

ఆ సాయంత్రం ఆ అమ్మాయి అక్కడ ఒక్కతే నిలబడింది.